స్నాప్‌కు ముందు ప్లే ఎలా మారుతుంది? కాలేజ్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు చివర్లో అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ సీజన్ మొదలవుతుంది, దాంతోపాటే ఈ ప్రశ్నలూ మొదలవుతాయి. అమెరికాలో ఎంఎస్‌కు చేరి స్టూడెంట్ టికెట్‌తో మొదటిసారి స్టేడియానికి వెళ్లినవాళ్లు అడిగేవి కొన్ని. పిల్లల దగ్గరికి వచ్చి శనివారం పూట టీవీ ముందు ఇరుక్కుపోయిన అమ్మానాన్నలు అడిగేవి కొన్ని. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ బాగా తెలిసి, కాలేజ్ ఆట దగ్గర తికమకపడేవాళ్లవి ఇంకొన్ని. వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. నాలుగు డౌన్లలో (అవకాశాల్లో) 10 యార్డులు ముందుకు వెళ్లాలన్న సంగతి తెలిస్తే చాలు, ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు. అఫెన్స్ అంటే బాల్ ఉన్న జట్టు, డిఫెన్స్ అవతలిది. క్వార్టర్‌బ్యాక్ అఫెన్స్‌ను నడిపేవాడు. ప్లే అంటే ఒక్కో ఎత్తు, స్నాప్ అంటే బాల్‌ను వెనక్కి ఇచ్చి దాన్ని మొదలుపెట్టడం. రన్ అంటే బాల్ పట్టుకుని పరుగెత్తడం, పాస్ అంటే ముందుకు విసరడం.

## మొదటిసారి చూస్తున్నవాళ్లకు

బాల్ ఇంకా కదల్లేదు. క్వార్టర్‌బ్యాక్ అంతసేపు ఏం అరుస్తున్నాడు?

ఆ అరుపుల్లో మూడు నాలుగు పనులు కలిసిపోయి ఉంటాయి. ముందు వరసలో అడ్డుగా నిలబడే లైన్‌మెన్‌కు ఎవరిని ఆపాలో చెప్పడం ఒకటి. పాస్ అందుకునే రిసీవర్‌ను అటో ఇటో జరపడం ఇంకొకటి. అవసరమైతే ప్లే మార్చడం, చివరికి లైన్ మధ్యలో ఉండే సెంటర్ బాల్‌ను వెనక్కి ఎప్పుడు ఇవ్వాలో చెప్పడం. వీటి మధ్య అర్థం లేని మాటలు కూడా కావాలనే కలుపుతారు. "బ్లూ 80, బ్లూ 80" అన్నాడనుకోండి. చాలా జట్లలో ఆ రంగుకు మామూలుగా విలువే ఉండదు. ఈ వారానికి "రెడ్" నిజమైన రంగు అని ముందే అనుకుని ఉంటారు. ఆ మాట వినిపిస్తేనే ప్లే మారినట్టు. అవతలి జట్టుకు ఏది నిజమో తెలియకూడదు, అంతే.

ఆడిబుల్ అంటే ఏంటి? ప్రతిసారీ అరిచేది అదేనా?

కాదు. ముందు అనుకున్న ప్లేను పూర్తిగా పక్కన పెట్టి, లైన్ దగ్గర నిలబడ్డాక కొత్త ప్లే చెప్పడమే ఆడిబుల్. కాలేజ్ ఆటలో ఇది మనం అనుకునేంత ఎక్కువగా జరగదు. చాలాసార్లు జరిగేవి చిన్న మార్పులు: కుడివైపు వెళ్లాల్సిన రన్‌ను ఎడమకు తిప్పడం, బ్లాకింగ్ (ఎవరు ఎవరిని అడ్డుకోవాలో) సర్దడం, ఒక్క రిసీవర్‌కు మాత్రం వేరే రూట్ (పరుగు దారి) ఇవ్వడం, ముందే చెప్పిన రెండు ప్లేల్లో రెండోది ఎంచుకోవడం. టీవీలో చేతులు ఊపడం చూసి కామెంటేటర్ "ఆడిబుల్!" అనేస్తాడు. సగం సార్లు అది లైన్‌మెన్‌తో మాట్లాడటమే.

ఒక ప్లేకీ ఇంకో ప్లేకీ మధ్య ఎంత టైమ్ ఉంటుంది?

ముందు ప్లే ముగిసిన దగ్గర నుంచి 40 సెకన్లు. టైమౌట్, పెనాల్టీ లాంటివాటి తర్వాత అయితే రిఫరీ సైగ చేసినప్పటి నుంచి 25. వినడానికి 40 ఎక్కువే అనిపిస్తుంది. కానీ బాల్‌ను సరైన చోట పెట్టాలి, ఆటగాళ్లు మారాలి, కోచ్ ప్లే చెప్పాలి, పదకొండు మందీ వెళ్లి నిలబడాలి. ఇవన్నీ అయ్యాక క్వార్టర్‌బ్యాక్ చేతిలో మిగిలేది చాలాసార్లు పది సెకన్ల లోపే. గడియారం సున్నాకు వచ్చిందంటే 5 యార్డులు వెనక్కి.

ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ లైన్ దగ్గరే ప్లేలు మార్చేసినట్టు ఈ కాలేజ్ కుర్రాళ్లు ఎందుకు చేయలేరు?

టైమ్ లేక. కాలేజ్ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ రూలు ప్రకారం సీజన్‌లో జట్టు పనికి వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలే పరిమితి. ప్రాక్టీసు, వీడియోలు, మీటింగులు, బరువులు ఎత్తడం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పైగా క్లాసులు, పరీక్షలు. ప్రొఫెషనల్ ఆటగాడికి ఇదే ఉద్యోగం, రోజంతా ఇదే పని.

ఇంకో సంగతి, కాలేజ్ జట్టు ఏటా మారిపోతుంది. క్వార్టర్‌బ్యాక్‌కు అంతా తెలిసినా, నిన్నగాక మొన్న వేరే యూనివర్సిటీ నుంచి బదిలీ అయి వచ్చిన లెఫ్ట్ టాకిల్‌కు (లైన్ ఎడమ చివరివాడికి) ఆ కోడ్ మాటలన్నీ ఒంటబట్టి ఉండవు. పదకొండు మందిలో ఒక్కడికి అర్థం కాకపోయినా మార్చిన ప్లే చెడిపోతుంది. అందుకే కాలేజ్ కోచ్‌లు ఆలోచించే పనిని తమ దగ్గర పెట్టుకుని, కుర్రాడికి చిన్న చిన్న నిర్ణయాలు వదులుతారు. తెలివి తక్కువై కాదు. మానింగ్ కూడా 1994 నుంచి 1997 వరకు టెన్నెసీ యూనివర్సిటీకి ఆడినవాడే. "ఒమాహా, ఒమాహా" అన్న అరుపులతో ఊరంతా మోగించింది మాత్రం ఎన్నో ఏళ్ల అనుభవం వచ్చాక, ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని డెన్వర్ జట్టులో.

## ప్లే ఎక్కడి నుంచి వస్తుంది

మొదట ప్లే చెప్పేది కోచా, క్వార్టర్‌బ్యాకా?

కోచే. ఎక్కువ జట్లలో అఫెన్సివ్ కోఆర్డినేటర్ (అఫెన్స్ చూసుకునే కోచ్), కొన్నిచోట్ల హెడ్ కోచ్ స్వయంగా. అతను సైడ్‌లైన్ దగ్గర ఉండొచ్చు, పైన ప్రెస్ బాక్స్‌లో కూర్చుని ఉండొచ్చు. పైనుంచి చూస్తే డిఫెన్స్ మొత్తం స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది అక్కడే ఇష్టపడతారు.

ఇప్పుడు హెల్మెట్‌లో స్పీకర్ ఉందిగా, కోచ్ చివరిదాకా చెప్తూనే ఉండొచ్చు కదా?

ఉండలేడు. పై స్థాయి అయిన ఎఫ్‌బీఎస్ జట్లకు 2024 సీజన్ నుంచి ఈ సదుపాయం వచ్చింది (ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994 నుంచే ఉంది). మైదానంలో ఒక్కో జట్టు నుంచి ఒక్కరికే స్పీకర్. హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క ఉన్నవాడు అతనే. ప్లే క్లాక్ 15 సెకన్లకు రాగానే, లేదా ఆలోపే స్నాప్ అయితే అప్పుడే, ఆ మాట ఆగిపోతుంది.

ఈ 15 అనే అంకె చుట్టూ ఇప్పుడు చిన్న యుద్ధమే నడుస్తోంది. అఫెన్స్ 22 సెకన్లప్పుడే వచ్చి నిలబడితే, డిఫెన్స్ ఎలా ఉందో చూసి కోచ్ ఇంకో ఏడు సెకన్లు చెవిలో చెప్పొచ్చు. డిఫెన్స్‌కు ఆ సంగతి తెలుసు. అందుకని 15 దాటేదాకా అసలు ఉద్దేశం బయటపెట్టకుండా నిలబడి, ఆ తర్వాతే సేఫ్టీలను (అందరికన్నా వెనక కాపలా ఉండేవాళ్లను) జరుపుతుంది. అప్పుడు కుర్రాడు ఒంటరి. చేతి సైగలకు అడ్డులేదు కానీ, వాటి కోసం తల తిప్పితే డిఫెన్స్ మీద చూపు పోతుంది.

అందరూ వచ్చి నిలబడి, ఒక్కసారిగా సైడ్‌లైన్ వైపు తల తిప్పుతారెందుకు?

మొదటిసారి చూసినవాళ్లకు నవ్వొచ్చే దృశ్యం ఇదే. జట్టు గబగబా వచ్చి, ఆడేస్తున్నట్టే నిలబడుతుంది. క్వార్టర్‌బ్యాక్ చప్పట్లు కొడతాడు లేదా ఏదో అరుస్తాడు. బాల్ మాత్రం కదలదు. నిజంగానే ఆట మొదలవుతోందనుకుని డిఫెన్స్ తన ఎత్తు బయటపెడుతుంది: ఒక సేఫ్టీ ముందుకు వస్తాడు, లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్ లైన్‌మెన్ మధ్య ఖాళీ వైపు వంగుతాడు. దాన్ని కోచ్ చూస్తాడు. అప్పుడు అందరూ సైడ్‌లైన్ వైపు తిరిగితే, సరిపోయే ప్లే అక్కడి నుంచి సైగల్లో వస్తుంది.

అంటే అక్కడ ప్లే మార్చింది క్వార్టర్‌బ్యాక్ కాదు, కోచ్. హడిల్ (గుంపుగా చేరి మాట్లాడుకోవడం) లేకుండా ఆడే కాలేజ్ జట్లలో ఇది రోజువారీ వ్యవహారం. పొగడ్త మాత్రం కుర్రాడికి వెళ్తుంది.

ఆ బొమ్మల బోర్డులేంటి? ముగ్గురు నలుగురు ఒకేసారి చేతులెందుకు ఊపుతారు?

వేగంగా ఆడాలంటే పదకొండు మందికీ ఒకేసారి కబురు అందాలి. 2010 ప్రాంతంలో చిప్ కెల్లీ కోచ్‌గా ఉన్న ఓరెగన్ జట్టు నాలుగు బొమ్మలున్న పెద్ద బోర్డులు ఎత్తి చూపించడం బాగా పేరుపడింది. ఏ మూల బొమ్మ చూడాలో ఆటగాళ్లకే తెలుసు. చేతులు ఊపేవాళ్లలోనూ ఒక్కడే అసలు, మిగతావాళ్లు ఉత్తుత్తికే. అవతలివాళ్లకు కనపడకుండా కొన్నిసార్లు వెనక దుప్పటి లాంటి గుడ్డ అడ్డం పెడతారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే సైగలు దొంగిలిస్తారు కాబట్టి. ఆట జరుగుతుండగా కళ్లతో చూసి పట్టేస్తే తప్పు కాదు. ముందు ముందు ఆడబోయే జట్టు మ్యాచ్‌కు మనిషిని పంపి గమనించడం మాత్రం 1994 నుంచి నిషేధం. మిషిగన్ జట్టు మీద 2023లో వచ్చిన పెద్ద ఆరోపణ ఇదే. దాని కారణంగా కోచ్ జిమ్ హార్బాను ఆ జట్టు ఆడే బిగ్ టెన్ కాన్ఫరెన్స్ రెగ్యులర్ సీజన్ చివరి మూడు మ్యాచ్‌లకు దూరం పెట్టింది. అయినా ఆ సీజన్ జాతీయ టైటిల్ గెలిచింది ఆ జట్టే.

మణికట్టుకు కట్టుకున్న పట్టీలో ఏముంటుంది?

నంబర్లు వేసిన ప్లేల పట్టిక. కోచ్ "37" అంటే, ఆ వరసలో ఏముందో చదువుకుని జట్టుకు చెప్తాడు. మ్యాచ్ మధ్యలో పట్టీ మార్చేస్తే పాత నంబర్లు అవతలివాళ్లకు పనికిరావు.

## డిఫెన్స్‌ను చదవడం

ప్లే మార్చాలని అతనికి ఎలా తెలుస్తుంది? ముందు ఎక్కడ చూస్తాడు?

సేఫ్టీల దగ్గర. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ బంతి పడకముందే డీప్‌లో ఎవరున్నారో చుట్టూ చూసుకుంటాడు చూడండి, అలాంటిదే. వెనక లోతుగా ఒకే సేఫ్టీ మధ్యలో ఉన్నాడంటే, రెండోవాడు ముందుకు వచ్చి రన్ ఆపడానికి సిద్ధంగా ఉన్నాడన్నమాట. బయటి రిసీవర్లు దాదాపు ఒంటరిగా ఒక్కో కార్నర్‌తో (అంచున రిసీవర్‌ను కాపలా కాసేవాడితో) తలపడతారు. ఇద్దరూ లోతుగా, చెరో పక్కన ఉంటే లోతైన పాస్‌లకు దారి మూసేసినట్టు, కానీ ముందు మనుషులు తక్కువ. అప్పుడు రన్ మంచిది.

ఆ తర్వాత కార్నర్ల దూరం. రిసీవర్ ముక్కు దగ్గరే నిలబడ్డాడా, ఎనిమిది యార్డులు వదిలి నిలబడ్డాడా? లోపలివైపు నిలబడ్డాడా, బయటివైపా? చివరగా లైన్‌బ్యాకర్లు. ఇదంతా చదివినంత సేపు పట్టదు. నేర్చినవాడికి రెండు మూడు సెకన్లు.

"బాక్స్‌లో ఎంతమంది" అని లెక్కపెడతారు. ఆ లెక్కేంటి?

బాల్ చుట్టూ, టాకిల్ నుంచి టాకిల్ దాకా కొంచెం అటూ ఇటూగా, ఐదారు యార్డుల లోతులో ఉన్న డిఫెండర్లను లెక్కపెడతారు. ఐదుగురు లైన్‌మెన్, ఒక టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి బ్లాక్ కూడా చేసే రిసీవర్) కలిస్తే బ్లాకర్లు ఆరుగురు. బాక్స్‌లోనూ ఆరుగురే ఉంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కరు సరిపోతారు, రన్ ఆడొచ్చు. ఏడోవాడు వచ్చాడంటే అతన్ని ఆపేవాడు లేడు, బాల్‌తో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ నేరుగా అతని చేతిలో పడతాడు. ప్లే మార్చడానికి ఇంతకన్నా మామూలు కారణం లేదు.

కాలేజ్‌లో దీనికో మెలిక ఉంది. క్వార్టర్‌బ్యాక్ కూడా పరుగెత్తగలిగితే, ఒక డిఫెండర్‌ను బ్లాక్ చేయకుండా వదిలేసి, అతను ఎటు వెళ్తే బాల్ ఇంకోవైపు పోయేలా ఆడొచ్చు. ఆ ఒక్కడూ ఉండీ లేనట్టే, లెక్క మళ్లీ సమం. ఆర్మీ, నేవీ అకాడమీల లాంటి జట్లు ఆడిన ఆప్షన్ ఆటలో అయితే బాల్‌కు ఏ పక్క తక్కువ మంది ఉన్నారో వేళ్లమీద లెక్కపెట్టి, ప్లేను అటు తిప్పడమే క్వార్టర్‌బ్యాక్ ప్రధాన పని.

ఒక రిసీవర్ అడ్డంగా పరుగెడతాడు. అది కూడా ప్లే మార్చడమేనా?

చాలాసార్లు అది డిఫెన్స్‌ను అడిగే ప్రశ్న. రిసీవర్ వెంట ఒక డిఫెండర్ అటునుంచి ఇటు పరుగెత్తాడంటే మనిషికి మనిషి కాపలా. ఎవరూ కదలకుండా, చోట్లు మాత్రం కొంచెం సర్దుకుంటే జోన్, అంటే ఒక్కొక్కరు ఒక్కో చోటును కాపాడటం. మంచి డిఫెన్స్‌లు ఇక్కడ కూడా అబద్ధం చెప్తాయి, అది వేరే సంగతి. రూలు ప్రకారం స్నాప్ సమయానికి ఒక్కడే కదలొచ్చు, అదీ పక్కకో వెనక్కో గానీ ముందుకు కాదు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి చోటు మారితే అందరూ పూర్తిగా ఒక సెకను ఆగాలి, లేకపోతే 5 యార్డుల పెనాల్టీ.

కాలేజ్ మైదానంలో హ్యాష్ మార్కులు వేరుగా ఉంటాయంటారు. దీనికీ ప్లే మార్చడానికీ సంబంధం ఏంటి?

చాలా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మైదానం వెడల్పు 160 అడుగులు. కాలేజ్‌లో రెండు హ్యాష్ మార్కుల (ప్లే మొదలయ్యే చోటుకు హద్దులైన గీతల) మధ్య దూరం 40 అడుగులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అది 18 అడుగుల 6 అంగుళాలే. ముందు ప్లే ఎడమ అంచున ముగిస్తే, తర్వాతి ప్లే ఎడమ హ్యాష్ దగ్గర మొదలవుతుంది. అప్పుడు కాలేజ్ క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమన 60 అడుగులు, కుడిన 100 అడుగులు. ఒకవైపు ఇరుకు సందు, ఇంకోవైపు ఖాళీ మైదానం.

డిఫెన్స్ సహజంగానే వెడల్పువైపు ఎక్కువ మందిని పంపుతుంది. ఇరుకువైపు మిగిలిన కార్నర్‌కు కాపాడాల్సిన చోటు తక్కువ కాబట్టి, తరచుగా అతనితోనో అటువైపు సేఫ్టీతోనో బ్లిట్జ్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లడం) చేయిస్తుంది. కాబట్టి "ప్లే అదే, వైపు మాత్రం మార్చు" అనే చిన్న మాటకు కాలేజ్‌లో ఇంత విలువ. ఇరుకువైపు ముగ్గురు, వెడల్పువైపు ముగ్గురు ఉన్నారంటే, అదే ముగ్గురు నలభై అడుగులు ఎక్కువ కాపాడాలి. ఆ లెక్క చూసి తిప్పేసే కుర్రాడు నా దృష్టిలో పెద్ద పాస్ వేసేవాడికన్నా తెలివైనవాడు.

బ్లిట్జ్ వస్తోందని ముందే ఎలా పసిగడతారు?

పాదాలు, కళ్లు, ఖాళీలు. బ్లిట్జ్‌కు రాబోయే లైన్‌బ్యాకర్ బరువు ముందరి కాలి మీద పడుతుంది. కార్నర్ తన రిసీవర్‌ను వదిలి లోపలికి, బాల్ వైపు చూస్తుంటాడు. లోపలి రిసీవర్ ముందున్న డిఫెండర్ వెనక, ఏడెనిమిది యార్డుల్లో, ఒక సేఫ్టీ ఊరికే వచ్చి నిలబడ్డాడంటే ఆ ముందువాడు వెళ్లిపోతున్నాడని అర్థం, వీడు అతని చోటు నింపడానికి వచ్చాడు. గడియారం తక్కువయ్యేకొద్దీ ఇవి దాచడం కష్టం. ఆలస్యంగా బయల్దేరితే క్వార్టర్‌బ్యాక్‌ను టైమ్‌కు చేరలేడు మరి.

## మార్చే దశ

"కిల్, కిల్" అని అరుస్తారు. దేనికి?

కోచ్ ముందే రెండు ప్లేలు ఇస్తాడు. మొదటిది ఆడాలనుకున్నది, రెండోది డిఫెన్స్ ఫలానా విధంగా ఉంటే ఆడాల్సింది. "కిల్" అంటే మొదటిది రద్దు, రెండోది ఆడండి. ఏమీ అనకపోతే మొదటిదే. "అలర్ట్" లాంటి మాట కొన్ని జట్లలో ఇదే పని చేస్తుంది. కుర్రాడు ప్లేబుక్ మొత్తం నెమరు వేయనక్కర్లేదు, అవునా కాదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్తే చాలు. అందుకే కాలేజ్‌లో ఇది బాగా కుదిరింది.

ఒక్క ప్లే తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూపించండి.

ఒకటి ఊహించుకుందాం. మూడో డౌన్, ఇంకా 4 యార్డులు కావాలి, బాల్ ఎడమ హ్యాష్ మీద ఉంది. 27 సెకన్లు ఉండగా చెవిలో కోచ్ మాట: మధ్యలోంచి రన్, కిల్ అయితే కుడివైపు త్వరగా వేసే పాస్. కుడివైపు వెడల్పులో ముగ్గురు రిసీవర్లు, ఎడమన టైట్ ఎండ్, క్వార్టర్‌బ్యాక్ పక్కన ఎడమన రన్నింగ్ బ్యాక్.

19 సెకన్లు. అందరూ నిలబడ్డారు. సేఫ్టీలు ఇద్దరూ పన్నెండు యార్డుల వెనక, బాక్స్‌లో ఆరుగురు. రన్‌కు సరిపోతుంది. కోచ్ "ఉండనీ" అంటాడు. 15, స్పీకర్ ఆగిపోయింది.

11 సెకన్లు. కుడి సేఫ్టీ ఒక్కో అడుగే వేస్తూ లైన్‌బ్యాకర్ల పక్కకు వచ్చేశాడు. బాక్స్‌లో ఏడుగురు, బ్లాకర్లు ఆరుగురు. కానీ అతను వదిలి వచ్చిన చోట ముగ్గురు రిసీవర్లకు ఇద్దరు డిఫెండర్లే మిగిలారు. క్వార్టర్‌బ్యాక్ రెండడుగులు ముందుకు వేసి, ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి తిరిగి "కిల్, కిల్" అంటాడు. కుడివైపు రిసీవర్లు బొటనవేలు ఎత్తి అందిందని చూపిస్తారు.

7 సెకన్లు. రన్నింగ్ బ్యాక్‌ను చేత్తో కుడివైపుకు లాగుతాడు, ఆ సేఫ్టీ దూసుకొస్తే ఆపడానికి. సెంటర్ వేలు చూపిస్తూ లైన్‌కు ఏదో చెప్తాడు. 3 సెకన్లు, చప్పట్లు, స్నాప్. లోపలి రిసీవర్ ఐదు యార్డులు వెళ్లి లోపలికి తిరిగాడు, బాల్ అక్కడే ఉంది. ఆరు యార్డులు, ఫస్ట్ డౌన్ (మళ్లీ కొత్తగా నాలుగు అవకాశాలు).

టీవీలో కనిపించేది మాత్రం చిన్న పాస్. రీప్లే కూడా వేయరు.

"మైక్ 54" అంటూ ఒకరిని వేలెత్తి చూపిస్తారు. తిడుతున్నారా?

లేదు. ఫలానా నంబర్ లైన్‌బ్యాకర్‌ను మధ్యవాడిగా (అదే "మైక్") లెక్క పెట్టుకోండని లైన్‌కు చెప్పడం అది. అతని దగ్గర నుంచి అటూ ఇటూ ఎవరు ఎవరిని ఆపాలో పంచుకుంటారు. నిజంగా అతను ఆ స్థానంలో ఆడుతున్నాడా లేదా అన్నది ముఖ్యం కాదు, అందరూ ఒకే మనిషి నుంచి లెక్క మొదలుపెట్టడం ముఖ్యం. చాలా కాలేజ్ జట్లలో ఈ పని సెంటర్‌ది, క్వార్టర్‌బ్యాక్ అవసరమైతే సరిదిద్దుతాడు. ఆపేవాళ్లకన్నా ఒకడు ఎక్కువే వస్తున్నాడని తేలితే, ఆ ఒక్కడు చేరేలోపు బాల్ వదిలేయడం క్వార్టర్‌బ్యాక్ బాధ్యత.

ఆర్‌పీఓ అంటున్నారు. అది కూడా ముందే మార్చడమేనా?

ఆర్‌పీఓ అంటే రన్-పాస్ ఆప్షన్, అది స్నాప్ తర్వాత జరిగే నిర్ణయం. లైన్ రన్‌కు బ్లాక్ చేస్తుంది, రిసీవర్లు పాస్ రూట్లు పరుగెడతారు, క్వార్టర్‌బ్యాక్ ఒక్క డిఫెండర్‌ను చూసి బాల్ ఇస్తాడు లేదా విసురుతాడు. కాలేజ్‌లో పాస్ వేసేటప్పుడు లైన్‌మెన్ 3 యార్డుల దాకా ముందుకు వెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 యార్డే. ఆ రెండు యార్డుల తేడాతో ఈ ఆట ఇక్కడ పెరిగింది. ఇది వచ్చాక ప్లే మార్చాల్సిన అవసరమే చాలాచోట్ల తగ్గింది, రెండు జవాబులూ ఒకే ప్లేలో ఉన్నాయి కదా.

రిసీవర్‌కు ఒక్కడికే ఏదో సైగ చేసి వదిలేస్తాడు. మిగతావాళ్లకు తెలియక్కర్లేదా?

అక్కర్లేదు. కార్నర్ ఎనిమిది యార్డులు వదిలి నిలబడితే, ఆ రిసీవర్ ఐదు యార్డులు వెళ్లి ఆగిపోతే చాలు, బాల్ ఊరికే వస్తుంది. మిగతా పదిమంది తమ పని తాము చేసుకుంటారు. సైగ ఏదైనా కావచ్చు, హెల్మెట్ తట్టడం, బెల్టు ముట్టుకోవడం. అవతలివాళ్లు వీడియోలు చూస్తారు కాబట్టి మారుస్తూ ఉంటారు.

స్నాప్‌కు ముందు చదివి మార్చడం బాగా చేసిన క్వార్టర్‌బ్యాక్ ఎవరు? పాత మ్యాచ్ ఏదైనా చెప్పండి.

ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) జట్టులో జో బరో, 2019 సీజన్. 15 మ్యాచ్‌లు ఆడి అన్నీ గెలిచారు, అతను 60 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. చాలాసార్లు ఐదుగురు రిసీవర్లను బయటికి పంపి, వెనక సాయానికి ఒక్కడిని కూడా ఉంచుకోకుండా ఆడారు. అందరూ విడిపోతే డిఫెన్స్ దాక్కోలేదు, ఎవరు ఎక్కడున్నారో కనిపిస్తుంది. దూసుకొచ్చేవాడిని ఆపే మనిషి ఉండడు, కాబట్టి ముందే చదవగలగాలి. 2020 జనవరిలో క్లెమ్సన్ మీద 42-25తో గెలిచిన ఫైనల్ దొరికితే, స్నాప్‌కు ముందు అతని తల ఎటు తిరుగుతుందో మాత్రమే చూడండి.

ఇంకో దారి మైక్ లీచ్‌ది. టెక్సస్ టెక్, వాషింగ్టన్ స్టేట్, మిస్సిసిపీ స్టేట్ జట్లకు కోచ్‌గా ఉన్న ఆయన ప్లేలు కొన్నే పెట్టుకుని, వాటినే లెక్కలేనన్నిసార్లు ప్రాక్టీసు చేయించి, లైన్ దగ్గర మార్చే స్వేచ్ఛ క్వార్టర్‌బ్యాక్‌కు ఇచ్చేవారు. ప్లేబుక్ చిన్నదైతే కుర్రాడికి స్వేచ్ఛ పెరుగుతుందని చూపించినవాడాయన.

## శబ్దం, గడియారం, పెనాల్టీలు

లక్షమంది అరుస్తుంటే ఎలా వినిపిస్తుంది?

వినిపించదు. టెక్సస్ ఏ అండ్ ఎం కైల్ ఫీల్డ్ అయినా, మిషిగన్ స్టేడియం అయినా సీట్లు లక్షకు పైనే. సొంత జట్టు బాల్ ఆడేటప్పుడు జనం నెమ్మదిస్తారు, అవతలి జట్టు ఆడేటప్పుడు గొంతు చించుకుంటారు, ముఖ్యంగా మూడో డౌన్‌లో. అందుకే బయటి ఊళ్లో ఆడే జట్టు గొంతు వాడకుండా స్నాప్ చేస్తుంది. క్వార్టర్‌బ్యాక్ కాలు ఎత్తుతాడు. సెంటర్ పక్కన వెనక్కి చూస్తున్న గార్డ్ అతన్ని తడతాడు. సెంటర్ తల పైకెత్తి, ముందే అనుకున్నంత ఆగి, బాల్ ఇస్తాడు. ప్లే మార్చాలంటే క్వార్టర్‌బ్యాక్ ఒక్కొక్క లైన్‌మన్ దగ్గరికి నడిచి చెవిలో చెప్పినంత పని. అందుకని కష్టమైన స్టేడియాలకు వెళ్లేటప్పుడు మార్పుల పట్టికను తగ్గించేసుకుని వెళ్తారు.

చప్పట్లు కొడతాడెందుకు? అవతలివాళ్లు కూడా చప్పట్లు కొడితే?

షాట్‌గన్‌లో, అంటే సెంటర్‌కు నాలుగైదు యార్డుల వెనక నిలబడినప్పుడు, చప్పట్లు మాటకన్నా స్పష్టంగా వినిపిస్తాయి. డిఫెండర్ కావాలని అలాంటి శబ్దం చేసి సెంటర్‌ను మోసగిస్తే 5 యార్డుల పెనాల్టీ. రిఫరీకి వినపడాలి, అదే కష్టం.

మార్చిన సంగతి ఒకడికి వినపడకపోతే ఏమవుతుంది?

ఎడమకు రన్, ఒక గార్డ్ కుడికి బ్లాక్. లేదా రిసీవర్ ఆగిపోతాడనుకుని విసిరిన బాల్ ఎవరూ లేనిచోట పడుతుంది, ఇంకా ఘోరమైతే కార్నర్ చేతిలో. అనుమానం వస్తే టైమౌట్ తీసుకోవడం నయం. ఒక్కో అర్ధభాగానికి ఉండేవి మూడే కాబట్టి అది కూడా ఉచితం కాదు.

నాలుగో డౌన్‌లో అరిచి అరిచి చివరికి ఆడకుండా వదిలేస్తారేంటి?

అక్కడ ఆడే ఉద్దేశమే లేదు. గొంతు ఎత్తి తగ్గించి, డిఫెన్స్ తొందరపడి గీత దాటేలా చేయడమే పని. దాటితే 5 యార్డులు, కావాల్సింది అంతకు మించకపోతే ఫస్ట్ డౌన్ ఊరికే. దాటకపోతే టైమౌట్ తీసుకుంటారు, లేదా పెనాల్టీ భరించి పంట్ చేస్తారు (బాల్‌ను దూరంగా అవతలి జట్టుకు తన్నేస్తారు). ఒక్కోసారి మామూలు డౌన్‌లో డిఫెండర్ దూకేస్తే సెంటర్ వెంటనే బాల్ ఇచ్చేస్తాడు. పెనాల్టీ ఎలాగూ ఉంది కదా, క్వార్టర్‌బ్యాక్ ధైర్యంగా దూరంగా విసురుతాడు.

## డిఫెన్స్ వైపు నుంచి

అతను మారిస్తే డిఫెన్స్ కూడా మార్చుకోవచ్చు కదా?

మార్చుకుంటుంది. అందుకే క్వార్టర్‌బ్యాక్ కొన్నిసార్లు ఏమీ మార్చకుండానే మార్చినట్టు నటిస్తాడు. డిఫెన్స్ కెప్టెన్‌కు కూడా అరుపులున్నాయి. "మూవ్", "స్టెమ్" అనే మాటలు డిఫెన్స్‌వి, వాటిని అఫెన్స్ వాడకూడదని 2025లో రూలు కూడా వచ్చింది. ఎవరు చివరగా మారుస్తారో వాళ్లది పైచేయి, ఆ చివరి క్షణం కోసం గడియారం మూడు నాలుగు సెకన్ల దాకా రెండు వైపులా లాగుతారు.

మార్చడమే తప్పయ్యే సందర్భాలు ఉంటాయా?

బోలెడు. ఇద్దరు సేఫ్టీలు లోతుగా ఉన్నారని రన్‌కు మారుస్తాడు. స్నాప్ అవుతూనే ఒకడు ముందుకు దూకి రన్నింగ్ బ్యాక్‌ను లేపేస్తాడు. అతను ఏం చూస్తే ఏం మారుస్తాడో వారమంతా వీడియోల్లో చదువుకుని, అదే ఎర వేసి ఉంటారు. అనుభవం ఉన్న డిఫెన్స్ ముందు ఎక్కువ మార్పులు చేసే కొత్త కుర్రాడికన్నా, చెప్పిన ప్లే నమ్మి ఆడేవాడే నయం అనిపిస్తుంది నాకు.

## చూసేవాళ్లకు

టీవీలో ఇవన్నీ కనపడవే. ఎలా గమనించాలి?

నిజమే, మామూలు కెమెరాలో సేఫ్టీలు ఫ్రేమ్‌లోనే ఉండరు. స్టేడియంలో అయితే చవక అని అందరూ ముఖం చిట్లించే ఎండ్ జోన్ (మైదానం చివర) పై వరస సీట్లే దీనికి బంగారం. అక్కడి నుంచి రెండు జట్లూ నిలువునా కనిపిస్తాయి. టీవీ ముందు ఉంటే రన్నింగ్ బ్యాక్‌ను చూడండి. క్వార్టర్‌బ్యాక్ ఏదో చెప్పాక అతను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారితే, రన్ దిశో బ్లాకింగో మారినట్టే.

మార్చింది కోచా, కుర్రాడా అని ఎలా తెలుసుకోవాలి?

ప్లే క్లాక్ వైపు ఒక కన్ను వేయండి. జట్టంతా సైడ్‌లైన్ వైపు తిరిగి, తర్వాత మళ్లీ సర్దుకుంటే కోచ్. 15 పైన అంకె ఉన్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ చేత్తో హెల్మెట్ చెవి దగ్గర మూసుకుని వింటుంటే అప్పుడూ కోచే. అంకె 15 కిందికి వచ్చాక, అతను సైడ్‌లైన్ వైపు చూడకుండా డిఫెన్స్ మీదే కళ్లు పెట్టి, లైన్ వైపు నడిచి ఏదో అన్నాడంటే అది అతని నిర్ణయం. ఒక మ్యాచ్‌లో అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఉండొచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు.